శ్రీహరికోట ఆట: మీ ఫిర్యాదులు, నా జవాబులు



నెల రోజుల నుంచి భోజనాల హాలు పక్క అరుగు మీద మీరందరు ఆడుతున్న శ్రీహరికోట ఆట నేను గీసిందే. ఆట అట్ట పక్కన దారం కట్టి ఒక నోటుబుక్కు వేలాడదీసిన. ఆడినవాళ్లు తమకు ఏం నచ్చలేదో అందులో రాయమన్న. బాగానే రాసినరు! మొత్తం 34 ఫిర్యాదులు, 2 మెచ్చుకోళ్లు. ఆ మెచ్చుకోళ్లు రెండూ ఒకటే చేతిరాత, అది నా పక్క మంచం దోస్తుది. కాబట్టి వాటిని లెక్కలో పట్టలేదు. ఫిర్యాదులకు మాత్రం ఈ సంచికలో జవాబు రాస్తున్న. కొన్నింటికి ఆట నియమం మార్చిన. కొన్నింటికి మార్చను, ఎందుకు మార్చనో కూడా రాస్తున్న.

ఇంకా ఆడని వాళ్ల కోసం ఆట సంగతి ముందు చెప్తాను. పాత క్యాలెండర్ వెనకవైపు కింద శ్రీహరికోట దీవి, పైన చంద్రుడు ఉంటడు. ఒక్కొక్కరికి 20 మక్క గింజలు ఇస్తం, అవే డబ్బులు. పాచికలకు బదులు నాలుగు చింతగింజ బద్దలు. అష్టాచెమ్మాలో వేసినట్టే వేయాలి. బద్ద లోపలివైపు తెలుపు, బయటివైపు నలుపు. (పది పన్నెండు బద్దలను ఒక్కొక్కటి 50 సార్లు వేసి చూసి, రెండు వైపులా దాదాపు సమానంగా పడ్డవే నాలుగు ఏరి పెట్టిన.) రాకెట్‌కు నాలుగు దశలు. ఒక్కో దశ కట్టడానికి 2 మక్కలు, అంటే రాకెట్‌కు 8. ఎగిరేటప్పుడు ఒక్కో దశకు ఒకసారి బద్దలు వేయాలి. రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలుపు పడితే ఆ దశ గెలిచినట్టు. ఎగరకముందే 3 మక్కలు పెట్టి ఆ దశను నేల మీద పరీక్ష చేస్తే, తర్వాత ఒక్క తెలుపు పడ్డా చాలు. నాలుగు దశలూ గెలిస్తే ఉపగ్రహం కక్ష్యలోకి పోయినట్టు, 10 మక్కలు బహుమానం. ఆ తర్వాత చంద్రుని మీద దిగాలి.

ఈ ఆలోచన పూర్తిగా నాది కాదు. అమెరికాలో ఫ్రిట్జ్ బ్రోనర్ అనే ఆయన 1989లో లిఫ్టాఫ్ అనే అట్ట ఆట తయారుచేసినరు. 1993లో అది కంప్యూటర్ ఆట అయింది, పేరు రేస్ ఇంటు స్పేస్. ఆడేవాళ్లు అమెరికా తరఫునో సోవియట్ యూనియన్ తరఫునో ఉండి మనిషిని ముందుగా చంద్రుని మీదికి పంపాలి. అందులో ప్రతి రాకెట్‌కు ఇంత శాతం నమ్మవచ్చు అని ఉంటది. డబ్బు పెట్టి పరిశోధన చేస్తే శాతం పెరుగుతది, తొందరపడితే పేలుతది. కొన్నేండ్ల తర్వాత ఆ ఆట సోర్స్ కోడ్‌ను, అంటే లోపలి రాతను, అందరికీ ఇచ్చేసినరు. ఆడినవాళ్లే దాన్ని తెరిచి బాగుచేసుకునే వీలు కలిగింది. నోటుబుక్కు వేలాడదీయాలని నాకు అనిపించింది ఈ సంగతి సార్ చెప్పినప్పుడే.

ఇక ఫిర్యాదులు.

ఎక్కువమంది రాసింది ఇది: "ఒక్కో దశ గెలుసుడు అల్కగనే ఉన్నది. కాని రాకెట్ ఎప్పుడూ పైకి పోదు. ఈ ఆటల ఏదో మోసమున్నది."

మోసం లేదు, గుణకారం ఉన్నది. నాలుగు బద్దలు వేస్తే 16 రకాలుగా పడవచ్చు. ఒక్క తెలుపు కూడా లేకుండా 1 రకం, ఒక తెలుపు 4 రకాలు, రెండు తెలుపులు 6, మూడు తెలుపులు 4, నాలుగూ తెలుపే 1. నమ్మనివాళ్లు కాగితం మీద రాసి లెక్కపెట్టుకోండి, పది నిమిషాల పని. రెండు గాని ఎక్కువ గాని పడేవి 6, 4, 1 కలిపితే 11. అంటే 16కు 11, దాదాపు 100కు 69. ఇది మంచి సంఖ్యలాగనే కనబడుతది. కాని వానకాలంలో మీ ఊరికి పోవాలంటే నాలుగు వాగులు దాటాలె అనుకోండి. మొదటి వాగు దాటితే ఊరు వచ్చినట్టు కాదు. 100 రాకెట్లు లేస్తే మొదటి దశ దాటేవి 69. ఆ 69లో రెండో దశ దాటేవి 47. మూడో దశ దాటేవి 32. నాలుగోది దాటి కక్ష్యకు చేరేవి 22. అంటే ఐదు రాకెట్లు లేస్తే ఒక్కటి. మీరు చూసింది నిజమే.

అన్ని దశలూ పరీక్ష చేస్తే ఏమైతది? అప్పుడు ఒక్క తెలుపు చాలు కాబట్టి 16కు 15. 100 రాకెట్లలో 94, తర్వాత 88, తర్వాత 82, చివరికి 77. అందుకే ఈ నియమం మార్చను. లెక్కల పుస్తకంలో సంభావ్యత పాఠం చదివి కూడా ఎవరూ పరీక్షకు మక్కలు పెడతలేరు, అందరికీ ముందే ఎగరాలనే తొందర.

రెండో ఫిర్యాదు ఎనిమిదో తరగతి చెల్లెది, నాకు బాగా నచ్చింది: "పేలితే అన్నీ పోయి మళ్ల మొదటికే. ఇగ దీనికి వైకుంఠపాళికి తేడా ఏంది? పాముకు బదులు రాకెట్ గీసినవ్ అంతే."

ఈ చెల్లె మాట పట్టుకొని కొత్త నియమం పెట్టిన. అది చెప్పే ముందు శ్రీహరికోటలో నిజంగా జరిగింది చెప్పాలె. 1979 ఆగస్టు 10న మన దేశం ఎస్‌ఎల్‌వీ-3 అనే రాకెట్‌ను మొదటిసారి పంపింది. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, అంటే దాదాపు ఒక టిప్పర్ బొగ్గు. నాలుగు దశలు. (నా ఆటలో నాలుగు ఎందుకంటే ఇదే కారణం.) మొదటి దశ బాగానే పోయింది. రెండో దశను అదుపుచేసే భాగంలో ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోక నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. రాకెట్ దారి తప్పి, లేచిన 317 సెకన్లకు బంగాళాఖాతంలో పడ్డది. ఐదు నిమిషాలు దాటి కొంచెం. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఆ రోజు విలేకరుల ముందు మాట్లాడింది మాత్రం ఇస్రో అధ్యక్షులు సతీశ్ ధవన్. తర్వాత ఏం చేసినరు? సముద్రంలో పడ్డదాని గురించి కూర్చొని, రాకెట్ పంపిన సంకేతాలన్నీ చూసి, ఏ దశలో ఏ భాగం చెడ్డదో కనిపెట్టినరు. ఏడాది తిరగకముందే, 1980 జులై 18న, అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మన వంటగదిలో బియ్యం బస్తా 50 కిలోలు ఉంటది, దానికంటే తేలిక. ఈసారి విలేకరులతో మాట్లాడుమని ధవన్ గారు కలాంనే ముందుకు పంపినరు.

వాళ్లు 1980లో మొదటికి పోలేదు. రెండో దశ గురించి తెలుసుకొని పోయినరు. అందుకే కొత్త నియమం: రాకెట్ ఏ దశలో పడిపోతే ఆ దశ పేరు రాసిన చీటీ ఒకటి మీకు వస్తది. తర్వాతి రాకెట్‌లో ఆ దశను పరీక్ష చేసినట్టే లెక్క, మక్కలు పెట్టే పనిలేదు. ఒక చీటీ ఉంటే 100కు 22 ఉన్నది 30 అయితది. వేరువేరు దశల చీటీలు రెండు ఉంటే 42, మూడుంటే 57, నాలుగుంటే 77. వైకుంఠపాళిలో పాము మింగినంక మీ దగ్గర ఏమీ మిగలదు, ఇందులో చీటీ మిగులుతది.

ఇది చదివి తెలివైనవాళ్లు ఒకటి అడుగుతరు, ఇప్పటికే తొమ్మిది బి అమ్మాయి అడిగింది: "అయితే పరీక్షలు ఎందుకు, ఉత్తగనే రెండుసార్లు ఎగరేసి చీటీ తీసుకుంటే సరిపోదా?" 20 మక్కలతో పరీక్ష లేకుండా రెండు రాకెట్లు వస్తయి. మొదటిది 100కు 22, అది పడితే చీటీతో రెండోది 30. రెండింట్లో ఒక్కటన్నా పోయే అవకాశం లెక్క వేస్తే 100కు 46 వచ్చింది. అదే 20 మక్కలతో నాలుగు పరీక్షలు చేసి ఒక్కటే రాకెట్ పంపితే 77. పడి నేర్చుకునుడు కన్నా నేల మీద నేర్చుకునుడే చవక.

కాని 77 అంటే 100 కాదు. "12 మక్కలు పెట్టి నాలుగు దశలూ పరీక్ష చేసిన. అయినా మూడో దశలో నాలుగు నలుపులు పడ్డయి. గిది అన్యాయం, ఇట్ల పడద్దని నియమం పెట్టు" అని ఒక అక్క రెండు గీతలు కొట్టి రాసింది. అక్కా, కోపం తెచ్చుకోవద్దు, ఈ నియమం పెట్టను. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ సంగతి చూడు. 1993 సెప్టెంబర్ 20న మొదటిసారి ఎగిరి పడిపోయింది. 1994 అక్టోబర్ 15న గెలిచింది. ఆ తర్వాత ఎన్నో విజయాలు, 2017 ఫిబ్రవరి 15న ఒక్కసారే 104 ఉపగ్రహాలను మోసుకపోయింది. అంత నమ్మకమైన రాకెట్ కూడా 2025 మే 18న మూడో దశలో ఒత్తిడి తగ్గిపోయి ఈఓఎస్-09 ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చలేకపోయింది. నీది కూడా మూడో దశనే! 16కు 1 అంటే చిన్నదే గాని సున్నా కాదు.

చంద్రుని మీద దిగే గడి గురించి ఆరు ఫిర్యాదులు. దిగాలంటే మూడు తెలుపులు పడాలె, అది 16కు 5 మాత్రమే, అంటే 100కు 31. "ఇంతదూరం పోయినంక చివరికొచ్చి ఇట్ల చేస్తే ఏడుపొస్తది" అని రాసినరు. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 దిగేటప్పుడు కూడా అట్లనే అయింది. విక్రమ్ ల్యాండర్ చంద్రుని నేలకు 2.1 కిలోమీటర్ల ఎత్తు దాక మామూలుగానే దిగి, తర్వాత సంబంధం తెగిపోయి పడిపోయింది. చంద్రయాన్-3లో ఏం మార్చినరో చూడండి. ముందటిసారి దిగే చోటు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. ఈసారి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు తీసుకున్నరు. కాళ్లు గట్టిగా చేసినరు. ఇంధనం ఎక్కువ పోసినరు. ఐదు ఇంజన్ల చోట నాలుగే పెట్టినరు. 2023 ఆగస్టు 23 సాయంత్రం దిగింది. అందుకే ఇప్పుడు ఆటలో కూడా 4 మక్కలు ఇస్తే దిగే చోటు పెద్దదైతది, రెండు తెలుపులు చాలు. ఇంకో 4 ఇస్తే కాళ్లు గట్టిపడుతయి, ఒక్క తెలుపు చాలు. 31 కాస్త 69, తర్వాత 94.

చిన్నచిన్నవి తొందరగా చెప్తాను. కౌంట్‌డౌన్ ఆపితే ఒక వంతు పోతది, అది బాగలేదన్నరు. చంద్రయాన్-2ను 2019 జులై 15న ఇంకా 56 నిమిషాలుందనగా ఆపి, జులై 22న పంపినరు. ఓపెన్‌కాస్ట్ దగ్గర బ్లాస్టింగ్ ముందు సైరన్ మోగినంక గని అంచుకు ఎవరన్నా కనిపిస్తే ఆపుతరు కదా, పొద్దు పోయినా సరే. ఒక వంతు పోనియ్యండి. సొంత రాకెట్ లేనివాళ్లు పక్కవాళ్ల రాకెట్ ఎక్కవచ్చా అని అడిగినరు. ఎక్కవచ్చు, 5 మక్కలు వాళ్లకు ఇవ్వాలి. మన ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీదనే పోయింది. డబ్బులు తింటున్నరని వంటగది నుంచి ఫిర్యాదు వచ్చింది. నిజమే, పేలాలు చేసుకొని తిన్నరు. సోమవారం నుంచి మక్కల బదులు గులకరాళ్లు.

ఇప్పుడు రెండు పెద్ద ఫిర్యాదులు. వీటికి జవాబు రాసేందుకు నాకు చాలా రోజులు పట్టింది.

ఒకటి కోలాం అక్క నోటుబుక్కులో ఒకటే లైను రాసింది: "ఆ దీవి మీద ముందు ఎవలుండె?"

శ్రీహరికోట ఒకవైపు పులికాట్ సరస్సు, ఒకవైపు బంగాళాఖాతం ఉన్న దీవి. అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ 1971 అక్టోబర్ 9న లేచింది. 2002 నుంచి ఆ కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు ఉన్నది. రాకెట్లు రాకముందు ఆ అడవిలో యానాదులు ఉండేవాళ్లు. మనలాగనే గిరిజనులు. చేపలు పట్టుడు, తేనె, దుంపలు, మందుచెట్లు తెచ్చుకునుడు, ఇట్ల బతికేవాళ్లు. కేంద్రం కోసం భూమి తీసుకున్నప్పుడు వాళ్ల గూడేలు లేవాల్సి వచ్చింది. రాకెట్ కింద సముద్రం ఉంటే పడినా ఎవరికీ దెబ్బ తగలదు, అందుకే తూర్పు తీరం కావాలె. కారణం సరైందే. కాని కారణం సరైందైనంత మాత్రాన లేచినోళ్లకు ఖర్చు కాలేదని కాదు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు కూడా ఒక గని కింద పోయింది. ఇప్పప్పుడు బొగ్గు లారీలు తిరిగే దారిలో తన ఇప్పచెట్టు ఎక్కడుండెనో ఆమె వేలు పెట్టి చూపిస్తది. అక్కడ చెట్టు ఉండదు, ఆమె మాత్రం చూపిస్తది.

అందుకే ఆట మొదట్లో ఒక కొత్త గడి గీసిన. రాకెట్ కట్టకముందే అందరు 3 మక్కలు ఆ గడిలో పెట్టాలి. అవి తిరిగి రావు. ఇది పెట్టిన రెండో రోజే ఫిర్యాదు: "17 మక్కలే మిగులుతున్నయి, 3 పెంచి 23 ఇయ్యి." పెంచను. పెంచితే ఎవరి చేతి నుంచీ ఏమీ పోనట్టే కదా. 17తో రాకెట్, మూడు దశల పరీక్షలు వస్తయి, అవకాశం 77 నుంచి 57కు పడుతది. ఏ దశను పరీక్ష లేకుండా వదిలేయాలో మీరే ఆలోచించుకోండి.

రెండోది పదో తరగతి అక్కది. పేరు రాయలేదు గాని చేతిరాత నాకు తెలుసు. "ఆటల పేలితే చీటీ ఇస్తవు. పదోతరగతిల ఫెయిలైతే చీటీ ఎవరిస్తరు? ఇంటికి పొమ్మంటరు. మనసుంటోళ్లకు ఈ రాకెట్లు ఎందుకే?"

అక్కా, ముందు రాకెట్ సంగతి. 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వీ అనే కొత్త చిన్న రాకెట్ శ్రీహరికోట నుంచి లేచింది. అందులో ఆజాదీశాట్ అనే 8 కిలోల ఉపగ్రహం ఉన్నది. దాని లోపలి పరికరాలు చేసింది దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల అమ్మాయిలు, 750 మంది. మన వయసోళ్లే. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన అదురుకు సెన్సర్లు తప్పుడు లెక్క చూపినయి. 356 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిరగాల్సింది, ఒకవైపు 76 కిలోమీటర్లకే దిగిపోయే దారిలో పడ్డది. అంత కిందికి వస్తే గాలి లాగేస్తది, ఉపగ్రహం నిలవదు. ఆ అమ్మాయిల్లో కొందరు ఆ రోజు అక్కడికే పోయి చూసినరు. 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్‌ఎస్‌ఎల్‌వీ ఆజాదీశాట్-2ను కక్ష్యలో పెట్టింది. మధ్యలో ఆరు నెలలు. ఈ రెండు తేదీలు 17వ గడిలో రాసిన.

ఇక పదో తరగతి చీటీ. అది ఉన్నది అక్కా, దాన్ని మార్కుల మెమో అంటరు. ఏ సబ్జెక్టులో పోయిందో దాని మీద ఉంటది. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో పోయిన సబ్జెక్టు ఒక్కటే రాయాలి, అన్నీ మొదటి నుంచి కాదు. నా ఆటలో చీటీ నియమం ఎట్లనో ఇది అట్లనే. కాని నువ్వు అడిగింది అది కాదని నాకు తెలుసు. చీటీ చేతిలో ఉన్నా ఇంకోసారి ఆడాలంటే మక్కలు కావాలె. ఫీజు కట్టేటోళ్లు, పరీక్ష దాక పెండ్లి మాట ఆపేటోళ్లు ఇంట్ల ఉండాలె. మా ఇంట్ల నేనే మొదటిసారి బడికి వచ్చినదాన్ని, మెమో చూపిస్తే చదివేటోళ్లు లేరు. దీనికి ఆట నియమంతో జవాబు చెప్పలేను. ఒకటి మాత్రం చేసిన. సప్లిమెంటరీ ఫీజు ఎప్పుడు కట్టాలి, ఎవరికి ఇవ్వాలి, ఇంటికి చెప్పేటందుకు ఎవరు వస్తరు అని వార్డెన్ మేడంను అడిగిన. ఫలితాలు వచ్చిన రోజే ఆ వివరాలు ఈ గోడ మీద పెడ్తమని, పిలిస్తే గూడేనికి తానే వచ్చి మాట్లాడుతనని మేడం అన్నరు. ఆమె సంతకం ఈ కాగితం కింద ఉన్నది, చూసుకో. లెక్కలు నేను, నా దోస్తు రోజూ రాత్రి స్టడీ అవర్ తర్వాత చేస్తున్నం. నాలుగో వరుసలో చోటున్నది.

మిగతా ఫిర్యాదులకు వచ్చే సంచికలో జవాబు. నోటుబుక్కులో ఇంకా పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నయి.

ఒక మనవి. ఆదివారం నుంచి నాలుగు బద్దల్లో ఒకటి కనిపిస్తలేదు, అంచుకు చిన్న గాటు ఉంటది. దొరికినవాళ్లు తెచ్చి అట్ట మీద పెట్టగలరు. మూడే బద్దలైతే 16 రకాలు 8 అయిపోతయి, నేను పైన రాసిన లెక్కలన్నీ మళ్లీ వేయాలె.